తగ్గడం ఒక పని, తగ్గి నిలవడం ఇంకో పని

ధర్మవరంలో గుంట మగ్గం మీద పట్టుచీర నేసే మనిషిని కాసేపు గమనించండి. గట్టు మీద కూర్చుని కాళ్లు గుంతలోకి వదిలి ఉంటాడు. కింద తొక్కుడు చెక్కల మీద పాదాలు ఒకదాని తర్వాత ఒకటి దిగుతుంటాయి. పడుగు విచ్చుకోగానే ఒక చేయి తాడు గుంజుతుంది, నాడె ఈ కొస నుంచి ఆ కొసకు దూసుకుపోతుంది, రెండో చేయి పలకను తన వైపు లాగి పేకను దగ్గరికి కొడుతుంది. అప్పటికి ఒక్క పోగు పడింది. మళ్లీ కాలు, మళ్లీ తాడు, మళ్లీ పలక. చీర దిగేసరికి ఇది వేల సార్లు జరగాలి. అదే ఊళ్లో నాలుగు వీధుల అవతల పవర్‌లూమ్ షెడ్డు ఉంటుంది. అక్కడ ఈ పనంతా మోటారుదే. తెగిన పోగు ముడివేయడానికి, కండె మార్చడానికి మాత్రమే మనిషి కావాలి. ఇంకాస్త ముందుకెళ్తే చీరల దుకాణం. పరుపు మీద కూర్చుని పొద్దుట్నుంచి రాత్రిదాకా చీరలు విప్పి చూపించి మడతపెట్టడమే అక్కడి పని.

ఈ ముగ్గురూ ఒకే రకం అన్నం తింటారు, ఒకే రకం కూర తింటారు. ఖర్చు చేసే శక్తి మాత్రం ఒకటి కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పనులను శ్రమను బట్టి మూడు తరగతులుగా విడగొడుతుంది. నేతపనిని మధ్యరకం శ్రమలో చేర్చారు, కూర్చుని చేసే పనులను తక్కువ శ్రమలో. 2020 నాటి సిఫార్సుల ప్రకారం 65 కిలోల మగమనిషికి తక్కువ శ్రమ అయితే రోజుకు 2,110 కేలరీలు చాలు, మధ్యరకం శ్రమ అయితే 2,710 కావాలి. తేడా 600. ఇడ్లీకి దాదాపు 75 కేలరీలనుకుంటే ఎనిమిది ఇడ్లీలు. మగ్గం దిగి దుకాణంలో కూర్చున్న మనిషికి మర్నాటి నుంచి ఎనిమిది ఇడ్లీల ఆకలి తగ్గిపోతే ఏ ఇబ్బందీ ఉండదు. కానీ ఆకలి అలా తగ్గదు.

తగ్గదని మొదట పట్టి చూపించింది కూడా మగ్గాల మధ్యే. హార్వర్డ్‌లో పనిచేసిన పోషకాహార శాస్త్రవేత్త జీన్ మేయర్, తన భారతీయ సహచరులతో కలిసి కలకత్తా దగ్గరి ఒక జనపనార మిల్లులో 213 మంది తిండినీ, బరువునూ, పనినీ లెక్కగట్టి 1956లో ప్రచురించారు. ఓ మాదిరి పని నుంచి బరువైన పని దాకా చూస్తే, పని పెరిగే కొద్దీ తిండి పెరిగింది, బరువు మాత్రం పెద్దగా మారలేదు. అంటే శరీరం ఖర్చుకు తగ్గట్టే ఆకలిని సర్దుకుంది. బల్ల దగ్గర కూర్చునేవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ సర్దుబాటు చెడిపోయింది. వాళ్లు దాదాపు బరువులు మోసేవాళ్లంత తిన్నారు, బరువూ అందరికంటే వాళ్లదే ఎక్కువ. అధ్యయనం చిన్నదే. అందరినీ ఒకే కాలంలో చూసింది తప్ప ఏళ్ల తరబడి వెంట నడవలేదు. అయినా డెబ్భై ఏళ్ల తర్వాత మన ఊళ్ల వైపు చూస్తుంటే ఆ మిల్లే కళ్ల ముందు కనిపిస్తుంది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు దారి మీది ఊళ్లు. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడ్డాక ఒకే జిల్లా ఊళ్లు కూడా. అనంతపురం సీమ అంతా వాన తక్కువ నేల. 1876-78 నాటి ధాత కరువు కథలు, 1952లో ఊరూరా పెట్టిన గంజి కేంద్రాల కథలు ఇక్కడి పెద్దవాళ్ల నోట విన్నవాళ్లం మనం. ఈ నేల మీద ఊబకాయం గురించి మాట్లాడాల్సి వస్తుందని ఆ తరం వాళ్లు ఊహించి ఉండరు. రాగి సంగటి, జొన్న రొట్టె, కొర్రన్నం, చెనిక్కాయల ఊరిబిండి. తిండి అది. పొలానికీ బావికీ సంతకూ నడక. ఇప్పుడు పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. హిందూపురం చుట్టూ గార్మెంటు ఫ్యాక్టరీల్లో వందలాది ఆడవాళ్లు కుట్టుమిషను ముందు షిఫ్టంతా కూర్చుంటున్నారు. ప్రతి ఇంటి ముందూ బైకు ఉంది. ఇదంతా చెడు అని నేననను. కూలి కోసం వలస పోయే బాధ తప్పిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కానీ ఒంటి శ్రమ మన జీవితంలోంచి చడీచప్పుడు లేకుండా వెళ్లిపోయింది, దాని బదులు ఇంకేమీ రాలేదు.

కంచంలో మార్పు అంతకుముందే వచ్చింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. 1985, 1989, 1994 ఎన్నికల్లో ఆయన్ను గెలిపించి అసెంబ్లీకి పంపింది హిందూపురమే. ఆ బియ్యం ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించింది, దాన్ని తప్పుపట్టడం అన్యాయం. అయితే పండగనాటి వరి అన్నం రోజువారీ తిండి కావడం, రాగులూ కొర్రలూ వెనక్కి పోవడం కూడా ఆ రోజుల్లోనే జోరందుకుంది. ఇప్పుడు మళ్లీ రాగి సంగటిని మందులా పొగుడుతున్నారు. లెక్క చూద్దాం. పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం వంద గ్రాముల బియ్యంలో దాదాపు 356 కేలరీలు, రాగుల్లో 321. పెద్ద తేడా కాదు. అసలు తేడా పీచులో ఉంది. బియ్యంలో మూడు గ్రాములు కూడా ఉండదు, రాగుల్లో 11 గ్రాములు. పీచు వల్ల కడుపు నిండినట్టు ఉంటుంది, రక్తంలో చక్కెర మెల్లగా ఎక్కుతుంది. సంగటి మంచిదే, కానీ పిడికెడు ముద్దకు బదులు మూడు ముద్దలు తింటే అదీ బరువే.

దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 24 శాతం అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 36 శాతం. మూడో వంతు కంటే ఎక్కువ. ఇందులో ఎత్తుకు తగ్గ బరువు సూచీ 25 దాటినవాళ్లనే లెక్కించారు. మన వైద్యులు మనవాళ్లకు 23 దాటగానే జాగ్రత్తపడమంటారు.

ఎందుకలా అంటారో చెప్పడానికి ఒక ఫొటో ఉంది. పుణె కేఈఎం ఆసుపత్రి వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకుని 2004లో లాన్సెట్ పత్రికలో వేసిన ఫొటో. ఇద్దరి సూచీ ఒకటే, 22.3. పరీక్ష చేస్తే యాజ్ఞిక్ ఒంట్లో కొవ్వు 21.2 శాతం, యుడ్‌కిన్ ఒంట్లో 9.1 శాతం. మన శరీరాలు సన్నగా కనిపిస్తూనే కండ తక్కువ, కొవ్వు ఎక్కువ అయి ఉండొచ్చు. ఆ కొవ్వు కూడా చర్మం కింద కంటే పొట్ట లోపల, కాలేయం చుట్టూ చేరుతుంది. తల్లి కడుపులో చాలినంత పోషణ అందని పిల్లల్లో ఈ లక్షణం ఎక్కువని యాజ్ఞిక్ బృందం పరిశోధనలు చెబుతున్నాయి. కరువులు చూసిన సీమలో ఈ సంగతి ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. దేశంలో షుగరు ఉన్నవాళ్లు పది కోట్లు దాటారని, పెద్దవాళ్లలో దాదాపు 40 శాతం మందికి పొట్ట దగ్గర కొవ్వు పేరుకుందని భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రకటించిన అధ్యయనం తేల్చింది.

సరే, ఒక మనిషి తగ్గాలని గట్టిగా అనుకున్నాడు. పాతిక కిలోలో ముప్ఫై కిలోలో తగ్గాడు. ఆ కొవ్వు ఎక్కడికి పోయింది? చెమటలో పోయిందని కొందరు, వేడిగా మారిందని కొందరు అంటారు. వైద్యుల్లో కూడా చాలామందికి సరైన జవాబు తెలియలేదని ఆస్ట్రేలియా పరిశోధకులు రూబెన్ మీర్మన్, ఆండ్రూ బ్రౌన్ 2014లో చూపించారు. కొవ్వు అంటే కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్. ఒంట్లో అది మండితే బొగ్గుపులుసు వాయువు, నీరు అవుతాయి. పది కిలోల కొవ్వు కరిగితే 8.4 కిలోలు ఊపిరి ద్వారా వాయువుగా, మిగిలిన 1.6 కిలోలు నీటిగా బయటికి పోతాయి. ప్లాస్టిక్ బెల్టు కట్టుకుని, మంకీక్యాపు పెట్టుకుని చెమటలు కక్కుతూ నడిస్తే పోయేది నీరే. గ్లాసెడు నీళ్లు తాగగానే ఆ బరువు తిరిగొస్తుంది.

మొదటి వారంలో మూడు నాలుగు కిలోలు తగ్గడానికీ కారణం దాదాపు ఇదే. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ రూపంలో చక్కెర నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం, రొట్టె, చక్కెర మానేస్తే ఆ నిల్వ ఖాళీ అవుతుంది, నీరూ పోతుంది. 2017, 2018ల్లో రెండు తెలుగు రాష్ట్రాలనూ ఊపేసిన వీరమాచనేని రామకృష్ణ ఆహార విధానం గుర్తుండే ఉంటుంది. కొబ్బరి నూనె, నిమ్మకాయలు, బాగా నీళ్లు, విటమిన్ మాత్రలు. అన్నం, చక్కెర దగ్గరికి రాకూడదు. అప్పట్లో ఫంక్షన్ హాళ్లు నిండిపోయాయి, కొబ్బరి నూనె తాగే ఇళ్లు వీధికి రెండు మూడు కనిపించాయి. వైద్య సంఘాలు అభ్యంతరం చెప్పాయి, టీవీల్లో వాదనలు నడిచాయి. ఆ రోజుల్లో చాలామంది నిజంగానే తగ్గారు. పిండిపదార్థం మానితే శరీరం కొవ్వు నుంచి కీటోన్లు తయారుచేసుకుని వాటితో నడుస్తుంది. ఆకలి మందగిస్తుంది, మొత్తం మీద తిండి తగ్గుతుంది. అందులో మాయ ఏమీ లేదు, మోసమూ లేదు.

కానీ ఆ దారి ఒక్కటే దారి అనడం సరికాదు. స్టాన్‌ఫర్డ్‌లో 609 మంది మీద ఏడాది పాటు జరిపిన పరీక్షలో కొవ్వు తగ్గించి తిన్నవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థం తగ్గించి తిన్నవాళ్లు 6 కిలోలు తగ్గారు. 2018లో వచ్చిన ఈ ఫలితంలో ఆ తేడాకు గణాంక విలువ లేదు. ఏ పద్ధతయినా ఎన్నాళ్లు చేయగలరన్నదే ప్రశ్న. ఇంకో మాట గట్టిగా చెప్పాలి. షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్లు చెప్పాపెట్టకుండా అన్నం మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. కొన్ని కొత్త మాత్రలతో అయితే రక్తం ఆమ్లంగా మారి ఆసుపత్రి పాలయ్యే ముప్పుంది. మందు మోతాదు మార్చాల్సింది వైద్యుడే, పక్కింటాయన కాదు.

తగ్గిన తర్వాత ఏం జరుగుతుందో చెప్పాలనే ఇంత దూరం వచ్చాను. ఎక్కువమందికి తెలియని భాగం ఇదే. తెలియకపోవడం వల్ల ఎంతోమంది తమను తామే తిట్టుకుంటున్నారు.

కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోను విడుదల చేస్తాయి. నిల్వ ఎంత ఉందో మెదడుకు చెప్పేది అదే. 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దీన్ని కనుక్కుంది. బరువు తగ్గితే లెప్టిన్ పడిపోతుంది, మెదడు దాన్ని కరువుగా అర్థం చేసుకుంటుంది. జీర్ణాశయం నుంచి వచ్చే గ్రెలిన్ అనే ఆకలి హార్మోను పెరుగుతుంది. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు 50 మందిని పది వారాలు చాలా తక్కువ కేలరీల తిండి మీద ఉంచి, ఏడాది తర్వాత మళ్లీ రక్తం పరీక్షించారు. ఆ ఏడాదిలో కొంత బరువు తిరిగి వచ్చింది. హార్మోన్లు మాత్రం అప్పటికీ పాత స్థితికి చేరలేదు, ఆకలి మొదటి కంటే ఎక్కువగానే ఉంది. కెవిన్ హాల్ అనే అమెరికా పరిశోధకుడి బృందం దీనికి లెక్క కూడా కట్టింది. తగ్గిన ప్రతి కిలోకూ శరీరం రోజువారీ ఖర్చును 20-30 కేలరీలు తగ్గించుకుంటుంది, ఆకలినేమో దాదాపు 100 కేలరీలు పెంచుతుంది. పది కిలోలు తగ్గిన మనిషి ఆకలి రోజుకు వెయ్యి కేలరీల మేర పైకి లాగుతుంటుందన్నమాట. మనసు గట్టిది కాదనడానికి ఇక్కడ చోటెక్కడుంది?

అదే హాల్ 2016లో, బరువు తగ్గే పోటీ పెట్టిన ఒక అమెరికా టీవీ కార్యక్రమంలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించారు. పోటీలో సగటున 58 కిలోలు తగ్గారు, ఆరేళ్లలో 41 కిలోలు మళ్లీ పెరిగారు. ఒళ్లు కదపకుండా కూర్చున్నప్పుడు వాళ్ల శరీరాలు ఖర్చుచేసే శక్తి, అదే పరిమాణం శరీరానికి ఉండాల్సిన దానికంటే రోజుకు 500 కేలరీలు తక్కువగా ఉంది. స్వీడన్ పరిశోధకులు 2008లో తేల్చిన ఇంకో నిజం ఉంది. పెద్దయ్యాక బరువు తగ్గితే కొవ్వు కణాలు చిన్నవవుతాయి తప్ప వాటి సంఖ్య తగ్గదు. ఆ కణాల్లోని జన్యు స్విచ్చులు పాత బరువును చాలాకాలం గుర్తుపెట్టుకుంటాయని 2024లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు చూపించారు.

తగ్గి నిలిచినవాళ్లు లేరా? ఉన్నారు. ఆ 14 మందినే మళ్లీ విడదీసి చూస్తే, బరువును బాగా నిలుపుకున్నవాళ్లు ఆరేళ్ల తర్వాత కూడా తమ ఒంటి కదలికను పోటీకి ముందున్న దాని మీద 160 శాతం పెంచి ఉంచారు. తిరిగి లావెక్కినవాళ్లలో ఆ పెరుగుదల 34 శాతమే. తిండి ఎంత తగ్గించారన్నది ఈ తేడాను అంతగా చెప్పలేకపోయింది. అమెరికాలో 1994 నుంచి బరువు తగ్గి నిలిచినవాళ్ల వివరాలు నమోదు చేస్తున్న ఒక పట్టిక ఉంది, పదివేల మందికి పైగా చేరారు. సగటున 30 కిలోలు తగ్గి అయిదేళ్లకు పైగా నిలబెట్టుకున్నవాళ్లు. చాలామంది రోజుకు గంట దాకా ఏదో ఒక శ్రమ చేస్తారు, ఎక్కువగా నడక. వారానికి ఒకసారైనా బరువు చూసుకుంటారు, టీవీ తక్కువ చూస్తారు. వాళ్లంతట వాళ్లు ముందుకొచ్చినవాళ్లు కాబట్టి లోకమంతా ఇంతేనని చెప్పలేం. అయినా రెండు చోట్లా ఒకే సంగతి కనబడుతోంది.

తిండి తగ్గించకుండా నడకతోనే తగ్గిపోవచ్చునని దీనికి అర్థం కాదు. పెనుకొండ కోట కొండ ఎక్కే మనిషిని తీసుకుని లెక్క వేద్దాం. 80 కిలోల మనిషి వంద మీటర్ల ఎత్తు ఎక్కితే, భూమ్యాకర్షణకు ఎదురుగా చేసిన పని దాదాపు 78 కిలోజౌళ్లు. మన కండరాలు తిన్న శక్తిలో నాలుగో వంతునే పనిగా మార్చగలవు, మిగతాది వేడి. కాబట్టి ఖర్చయింది 310 కిలోజౌళ్లు, అంటే 75 కేలరీలు. ఆయాసపడి వంద మీటర్లు ఎక్కితే ఖర్చయ్యేది ఒక ఇడ్లీ. దిగొచ్చి కొండ కింద ప్లేటు ఉగ్గాని, రెండు బజ్జీలు తింటే లెక్క తలకిందులు. కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలుంటాయి. పైగా టాంజానియా అడవుల్లో వేటాడి బతికే హడ్జా జనం రోజంతా తిరిగినా, ఒంటి పరిమాణాన్ని బట్టి చూస్తే పట్నవాసుల కంటే ఎక్కువ శక్తి ఖర్చుచేయడం లేదని హెర్మన్ పాంట్జర్ 2012లో చూపించారు. శరీరం ఒక చోట ఖర్చు పెరిగితే ఇంకో చోట పొదుపు చేస్తుంది.

కాబట్టి బరువు దించే పని ప్రధానంగా కంచానిది. దిగిన బరువును దిగిన చోట ఉంచే పని కాళ్లది. ఈ రెండింటినీ కలగలపడం వల్లే జనవరిలో మైదానాలు నిండి మార్చికి ఖాళీ అవుతున్నాయని నా అభిప్రాయం. నెల రోజులు నడిచి, తూకం ముల్లు కదల్లేదని మానేస్తారు. ముల్లు కదలకపోయినా లోపల చాలా జరిగి ఉంటుంది. పనిచేసే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకుంటుంది. అన్నం తిన్నాక పదిహేను నిమిషాలు నడిస్తే చక్కెర ఎగబాకడం తగ్గేది అందుకే. పొట్ట లోపలి కొవ్వు, కాలేయం కొవ్వు బరువు మారకపోయినా తగ్గొచ్చు. రక్తపోటు దిగుతుంది, నిద్ర కుదురుతుంది.

మగ్గాన్ని మెచ్చుకుని నేతన్న కష్టాన్ని అందంగా చూపించడం నా ఉద్దేశం కాదు. గుంట మగ్గం మీద ఏళ్ల తరబడి వంగిన నడుములూ, అరిగిన మోకాళ్లూ ధర్మవరంలో ఏ వీధిలో అడిగినా చెబుతారు. కూలి గిట్టని శ్రమ, విశ్రాంతి లేని శ్రమ ఆరోగ్యం కాదు. మనిషి తన కోసం, తనకు నచ్చినంత కదలగలగాలి.

బాగా బరువున్నవాళ్లు మొదలుపెట్టేటప్పుడు మోకాళ్లకు భయపడతారు, సహజం. కీళ్లనొప్పులున్న పెద్దవాళ్ల మీద 2005లో వచ్చిన అధ్యయనం ప్రకారం ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. కాబట్టి ముందు కంచం సవరించి నాలుగైదు కిలోలు దింపి, నడక మెల్లగా పెంచుకోవచ్చు. మొదట పూటకు పది నిమిషాలు చాలు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు పెట్టి నెట్టడం, వారంలో రెండు రోజులు చేసినా కండ నిలుస్తుంది. ఇది పక్కన పెట్టేది కాదు. తిండి తగ్గించి మాత్రమే బరువు తగ్గితే పోయిన బరువులో దాదాపు పావు వంతు కండే ఉంటుంది, మనకేమో అసలే కండ తక్కువ. పప్పు, గుడ్డు, పెరుగు, ఉలవలు, చెనిక్కాయలు కంచంలో పెరగాలి. తిండిలో ధాన్యం నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదని పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. అన్నం రెండు గరిటెలు తగ్గించి ఆ చోట పప్పూ కూరా పెట్టడమే దానికి దగ్గరి దారి. పదివేల అడుగులు పూర్తికాలేదని దిగులు వద్దు. ఆ అంకె 1965లో జపాన్‌లో ఒక అడుగుల మీటరు అమ్మకం కోసం పుట్టింది. ఏడువేల దగ్గరే చాలా మేలు కనిపిస్తోందని 2025లో లాన్సెట్ ప్రజారోగ్య పత్రికలో వచ్చిన సమీక్ష చెబుతోంది.

చెప్పడం తేలిక. ఆడవాళ్లు ఎక్కడ నడవాలి? దేశంలో ఆడవాళ్లలో 57 శాతం మందికి చాలినంత శారీరక శ్రమ లేదని, మగవాళ్లలో 42 శాతమని 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకుల అంచనా. ఇంటిపని, ఫ్యాక్టరీ పని, పిల్లల పని అయ్యాక మిగిలేది చీకటి వేళ. అప్పుడు లైట్లు లేని మైదానం, కుక్కలు, ఎగాదిగా చూసే కళ్లు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకు పొద్దున ఏడు దాటాక నడవడం ప్రమాదమే. దీన్ని బద్ధకం అని కొట్టేయడం నాకు కోపం తెప్పిస్తుంది. స్కూలు మైదానాలు తెల్లవారుజామునా సాయంత్రమూ తెరిచి ఉంచడం, నాలుగు లైట్లు, ఒక మరుగుదొడ్డి, కూర్చోవడానికి అరుగు. పురపాలక సంఘం చేయలేనంత పెద్ద పనులు కావు ఇవి.

అడ్డదారుల గురించీ చెప్పాలి. 2001లో 'నువ్వు నాకు నచ్చావ్'తో మనకు పరిచయమైన నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న న్యూజెర్సీలో 31 ఏళ్లకే మరణించారు. దానికి కొన్ని వారాల ముందు కొవ్వు తీయించుకునే లైపోసక్షన్ చేయించుకున్నారని పత్రికలు రాశాయి. ఒక అమ్మాయి ఒంటి గురించి లోకం ఎంత క్రూరంగా మాట్లాడుతుందో ఆమె విషయంలో చూశాం. లైపోసక్షన్ చర్మం కింది కొవ్వునే తీస్తుంది. 15 మంది ఆడవాళ్లలో దాదాపు పది కిలోల చొప్పున అలా తీసినా ఇన్సులిన్ పనితీరులో, రక్తపోటులో మార్పు రాలేదని 2004లో అమెరికాలో తేలింది. అది రూపాన్ని మార్చే శస్త్రచికిత్స, బరువుకు వైద్యం కాదు. జీర్ణాశయానికి చేసే బేరియాట్రిక్ శస్త్రచికిత్స వేరు. చాలా ఎక్కువ బరువు, దానితో జబ్బులు ఉన్నవాళ్లకు అది ప్రాణాలు నిలిపే వైద్యమే. ఇప్పుడొచ్చిన ఇంజెక్షన్లూ అంతే. సెమాగ్లూటైడ్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం, టిర్జెపటైడ్ పెద్ద మోతాదుతో 72 వారాల్లో దాదాపు 21 శాతం బరువు తగ్గింది. 2025లో ఈ రెండూ బరువు తగ్గించే మందులుగా మన దేశంలోకి వచ్చాయి. అవి ఆకలి హార్మోన్ల మీదే పనిచేస్తాయి, అంటే శరీరం లాగే చోటే పట్టుకుంటాయి. అందుకే ఆపితే బరువు తిరిగొస్తుంది. సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదికి తగ్గిన దానిలో మూడింట రెండొంతులు తిరిగొచ్చాయి. వాడటం తప్పు కాదు. మందుల షాపులో అడిగి కొనుక్కుని సొంతంగా పొడుచుకోవడం తప్పు.

కష్టపడితే దక్కేదేమిటో కూడా తెలియాలి. బ్రిటన్‌లో షుగరు వచ్చి ఆరేళ్లు దాటని వాళ్ల మీద జరిగిన పరీక్షలో 15 కిలోలు, అంతకు మించి తగ్గినవాళ్లలో 86 శాతం మందికి ఏడాది తర్వాత మందులు లేకుండానే రక్తంలో చక్కెర షుగరు జబ్బు హద్దు కంటే కిందికి వచ్చింది. అది 2018 నాటి ఫలితం. మనవాళ్లకు ఇంకా తక్కువ బరువు దగ్గరే జబ్బు వస్తుంది కాబట్టి, అయిదు పది కిలోలు తగ్గినా తేడా చూడొచ్చు.

ఇంట్లో కుట్టుపనికి వాడే టేపు ఉంటే చాలు. బొడ్డు ఎత్తున, ఊపిరి వదిలాక, బిగించకుండా చుట్టి చూడండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి షుగరు, రక్తపోటు చూపించుకోండి. 30 ఏళ్లు దాటినవాళ్లకు ఆ పరీక్షలు ప్రభుత్వం ఉచితంగా చేస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా తగ్గి మళ్లీ పెరిగి ఉంటే వాళ్లను మాటలనకండి, సాయంత్రం వాళ్లతో పాటు నడవండి.